పేరు చెప్పకుండా పంచిన టమాటాలు

ఆ రోజుల్లో నా దగ్గర కోపమూ, ఫోన్లో డేటా రెండూ అయిపోవడమన్నది ఉండేది కాదు. అయిదేళ్ళే గడిచాయి, ఏదో యుగం గడిచినట్టు మాట్లాడుతున్నానని మీరు నవ్వొచ్చు. కానీ ఇరవై రెండేళ్ళప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే, పక్క సీట్లో కూర్చుని గట్టిగా ఫోన్ మాట్లాడే ఎవరో తెలియని పిల్లను చూసినట్టే ఉంటుంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. కెమిస్ట్రీ డిగ్రీ ఉంది. ప్రపంచంలో నాకు తెలియని సంగతంటూ లేదనీ, ఒకవేళ ఉన్నా పది సెకన్లలో ఫోన్లో వెతికి పట్టుకోవచ్చనీ గట్టి నమ్మకం. బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ట్రైనీగా ఉద్యోగం రాగానే, పోతిరెడ్డిపల్లిలో ఉన్న మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. అక్కడి నుంచి కంపెనీ బస్సు ఉంది. (మా అమ్మ నన్ను పంపిస్తూ వాళ్ళ అక్కతో అన్న మాట: "దీనికి అన్నం పెట్టకపోయినా సరే గని చార్జర్ ఇయ్యక్కా.")

పెద్దమ్మకూ పెద్దబాపుకూ పిల్లలు లేరు. పెద్దబాపు అదే కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని అందరూ బాయిలరన్న అనేవాళ్ళు. రిటైరయ్యాక ఆ వేడంతా ఇంటి పక్కనున్న ఖాళీ ప్లాటు మీద చూపించాడు. ఆ ప్లాటు యజమాని ఎవరో సిటీలో ఉంటాడు, "జెర కన్నేసి ఉంచు" అని ఈయనకు అప్పజెప్పాడు. ఈయన కన్నుతో పాటు అరవై టమాటా మొక్కలు కూడా వేశాడు. హత్నూర దగ్గర వాళ్ళ ఊరి నుంచి, వాళ్ళమ్మ దాచిన పాత రకం విత్తనం; ఉద్యోగంలో ఉన్నప్పుడూ పెరట్లో నాలుగు మొక్కలు వేసేవాడట. కాయ మార్కెట్ టమాటాలా నున్నగా ఉండదు. చిన్న గుమ్మడికాయలా నొక్కులు నొక్కులుగా, తొడిమ దగ్గర పచ్చగా ఉంటుంది. మొక్కలకు కర్రలు పాతి, తన పాత నీలం యూనిఫారాలను పీలికలుగా చించి కట్టాడు. దూరం నుంచి చూస్తే అరవైమంది కార్మికులు షిఫ్టు మారడానికి వరసలో నిలబడినట్టు ఉండేది. రోజూ పొద్దున్నే "బిడ్డా, జెర గంప పట్టుకో రా" అని పిలిచేవాడు. నేను "ఒక్క నిమిషం పెద్దబాపూ" అనేదాన్ని, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఆ ఒక్క నిమిషం ఏనాడూ అయిపోలేదు. ఆయనే ఏరుకునేవాడు, ఆయనే గల్లీలో ఇంటింటికీ పంచేవాడు.

ఒక ఆదివారం ఆయన పిలవలేదు. మడి పక్కన గోడకు ఆనుకుని, ఒళ్ళో కండువా పరిచి, అందులో సగం వరకూ టమాటాలు ఏరి, అలాగే పోయాడు. గుండె అన్నారు. మనిషిని లోపలికి తెచ్చారు, ఆ కండువా మూటను ఏం చేయాలో తెలియక ఎవరో అరుగు మీద పెట్టారు. వచ్చినవాళ్ళంతా దాన్ని జాగ్రత్తగా దాటుకుంటూ వెళ్ళి ఏడ్చి, దాటుకుంటూ బయటికి వచ్చారు. నేను కంపెనీకి ఫోన్ చేసి నాలుగు రోజులు సెలవు అడిగితే, హెచ్చార్ ఆయన లిస్టు చూసి, "పెద్దబాపు ఇందులో లేడమ్మా" అన్నాడు. "లిస్టులో ఉన్నవాళ్ళే పోవాలంటే నేనేం చెయ్యాలి సార్?" అని అరిచాను. ఒక్కరోజు ఇచ్చాడు.

మనిషి పోయిన సంగతి టమాటాలకు తెలియదు కదా. అంతకు ముందు వారం నుంచీ ఊరిస్తున్న కాయలన్నీ ఆ వారంలోనే ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ముందుగదిలో పెద్దబాపు ఫొటో, దండ, దీపం. దాని ముందు చాప మీద పెద్దమ్మ. దినాలయ్యేదాకా, అంటే పదకొండో రోజు దాకా, ఆమె గడప దాటకూడదు. కిటికీ అవతలే తోట. పండు బరువుకు తెగి కింద పడితే మెత్తగా చప్పుడయ్యేది. పెద్దమ్మ ఏడుపు ఆపి వినేది. "ఇంకోటి రాలింది" అనేది. మళ్ళీ ఏడ్చేది. నాలుగో రోజుకి ఏడుపు తగ్గింది, లెక్క మాత్రం తగ్గలేదు. "ఆయన చేతి పంట బిడ్డా. ఒక్కటి గూడ మట్టిల కలువొద్దు. ఎవరన్న తినాలె" అంది.

ఇదేం పెద్ద సమస్యా అనుకున్నాను. ఊరికే ఇస్తే ఎవరు కాదంటారు? బకెట్ నింపుకుని పక్కింటి అత్త దగ్గరికి వెళ్ళాను. (మాకు చుట్టం కాదు; ఆ గల్లీలో నడివయసు ఆడవాళ్ళందరూ నాకు అత్తలే.) ఆమె గేటు లోపలే రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో బిడ్డా, వద్దని కాదు. మైల ఇంట్లది తీసుకోవద్దు గద. దినాలు కానియ్యి, నేనే గంప పట్టుకొని వస్త."

"అప్పటిదాకా టమాటాలు ఉంటాయా అత్తా?"

"ఉండయి" అంది ఆమె, నిజంగానే బాధపడుతూ. "ఏం జేస్తం మరి."

ఆ గల్లీ చివర గదుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే బిహార్ కుర్రాళ్ళున్నారు. వాళ్ళకి మన పద్ధతులు పట్టవు కదా అని అటు వెళ్ళాను. అందులో పెద్దతను బకెట్‌లోకి ఆశగా చూశాడు, తర్వాత మా ఇంటి వైపు చూశాడు, చేతులు జోడించాడు. "దీదీ, తేరహ్వీ కే బాద్." పదమూడో రోజు తర్వాత అట. ఇక్కడ పదకొండే భయ్యా అని బేరమాడాను. లేదు, వాళ్ళ ఊళ్ళో పదమూడే. రెండు రోజులు ఎక్కువే తగిలాయి. చివరికి పాలాయన్ని ఆపి, "బర్రెలకు మైల ఉంటుందా?" అని అడిగాను. ఆయన దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. బండి స్టాండు వేసి మరీ ఆలోచించాడు. "బర్రెకైతే లేదు బిడ్డా. పాలు తాగెటోల్లకు ఉంటది గద" అన్నాడు.

ఇంటికి వచ్చి బకెట్ విసిరికొట్టి అరిచాను. పెద్దమ్మ అంతా విని, "కంపెనీ బస్సుల ఇయ్యి. వాల్లు మనోల్లు కాదు, చుట్టాలు కాదు, తీసుకుంటె తీసుకుంటరు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "గని ఆయన పేరు చెప్పి ఇయ్యి బిడ్డా. గిది బాయిలరన్న పంట, ఆయన పోయి అయిదొద్దులైంది, ఇష్టముంటె తీసుకోండ్రి అని చెప్పు. చెప్పకుండ ఇయ్యకు." నేను సరేనన్నాను. పేరు చెబితే ఒక్కరూ తీసుకోరనీ, చెప్పకపోతే అందరూ తీసుకుంటారనీ అప్పటికే తెలిసిపోయింది. చెప్పకూడదని గడప దాటకముందే నిర్ణయించుకున్నాను.

మర్నాడు పొద్దున ఒక ప్లాస్టిక్ క్రేటు నింపి, అరుగు మీద పెట్టి, అలవాటు ప్రకారం ఫొటో తీశాను. బస్సులో అందరికీ కవర్లలో పెట్టి పంచాను. పాతవాళ్ళు రిటైరై, కాంట్రాక్టువాళ్ళు ఏటా మారి, ఆ బస్సులో పెద్దబాపును ఎరిగినవాడు డ్రైవరన్న ఒక్కడే మిగిలాడు. నేను ఏ ఇంటి ముందు ఎక్కుతానో కూడా ఆయనకు తెలుసు. కానీ పెద్దబాపు పోయిన రోజు నుంచీ ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చావుకీ రాలేదు. మా స్టాపులో బస్సు ఆపి, తల అటు తిప్పుకుని కూర్చునేవాడు. పద్దెనిమిదేళ్ళు ఇదే బస్సెక్కిన మనిషికి ఇంతేనా అని లోపల మండుతూనే ఉంది. అయినా అందరికీ ఇచ్చి ఆయనకి ఇవ్వకపోతే బాగోదని, అయిదు పెద్ద కాయలు తీసి ఇచ్చాను. ఆయన వాటి వంక ఒక నిమిషం చూశాడు. స్టీరింగు ముందు, తన కూతురి పెళ్ళి కార్డు పక్కన పెట్టుకున్నాడు. పెళ్ళి ఇంకో నాలుగు రోజులుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. ఆ క్షణంలో నాకు కనిపించింది పెళ్ళి కాదు, ఖాళీ అయిన క్రేటు.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? పొద్దున తీసిన ఫొటోను బస్సు గ్రూపులో పెట్టాను. "మా తోట టమాటాలు! ఇంకా కావాలంటే చెప్పండి!" గుండె బొమ్మలు కురిశాయి. ఒకామె ఈ రాత్రికి పచ్చడే అని పెట్టింది. మధ్యాహ్నమంతా ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతూ నన్ను నేను మెచ్చుకున్నాను. సాయంత్రం ఇంటికి చేరాక మా ల్యాబు పిల్లే ఒకతి నా ఫొటోను పెద్దది చేసి, ఒక మూల ఎర్రగా సున్నా చుట్టి గ్రూపులోనే పెట్టింది. "అక్కా, వెనక దీపం ఏంది?"

చూశాను. ముందు నిగనిగలాడే టమాటాల క్రేటు. వెనక, తెరిచిన తలుపులోంచి, దండ వేసిన ఫొటోలో పెద్దబాపు నవ్వుతున్నాడు. దీపం, దాని పక్కన బియ్యం పళ్ళెం. పళ్ళెం అంచున పెద్దమ్మ చెయ్యి కూడా కొంచెం పడింది. నేను క్రేటు మీదే ఫోకస్ పెట్టాను కానీ, ఆ ఫోన్ ఖరీదైనది, వెనకున్నదాన్ని కూడా వదల్లేదు. గ్రూపులో ఒకేసారి అందరూ టైప్ చేయడం మొదలుపెట్టారు. "చావు ఇల్లా?" "మా అమ్మ కూర వండేసింది." "వండిన గిన్నె బయట పడేసి నాకు తలస్నానం చేయించింది." ఆఖర్న ఎవరో, "డ్రైవరన్న ఇంట్ల లగ్గమున్నది. గా మనిషికి గూడ ఇచ్చింది!" దాని కింద ఇరవై కోపం బొమ్మలు. డ్రైవరన్నది మామూలు బటన్ల ఫోను, ఆయన గ్రూపులో లేడు. నేను తగ్గానా? "మందులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తూ మైల ఏంటి? మైల మోలిక్యులర్ వెయిట్ ఎంతో చెప్పండి, రేపు ల్యాబులో టెస్ట్ చేసి రిపోర్ట్ ఇస్తా" అని పెట్టాను. (ఆ మెసేజ్‌ని ఇప్పటికీ కొందరు నా పుట్టినరోజుకి ఫార్వర్డ్ చేస్తుంటారు.)

మర్నాడు బస్సెక్కేసరికి నా సీటు మీద కవర్లున్నాయి. టమాటాల కవర్లు. వండనివాళ్ళందరూ తిరిగి తెచ్చి పెట్టారు. సీటు నిండి, కింద కాళ్ళు పెట్టే చోట కూడా ఉన్నాయి. ఎవరూ నా వైపు చూడలేదు. నేను నిలబడే, రాత్రంతా తయారుచేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. మూఢనమ్మకం అన్నాను, ఏ కాలంలో ఉన్నామన్నాను. అంతా విని, క్యాంటీన్‌లో పనిచేసే ఒక పెద్దామె మెల్లగా అంది.

"మైల సంగతి పక్కకు పెట్టు బిడ్డా. ఉన్నదో లేదో నాకెరుక లేదు. నువ్వు చెప్పి ఇచ్చినవా, చెప్పక ఇచ్చినవా?"

నేను సీటు మీది కవర్లు పక్కకు జరపడం మొదలుపెట్టాను.

"చెప్తే నేనైతే తీసుకునేదాన్నేమో. ఒక్కదాన్ని ఉంట, నాకెవరున్నరు అడిగెటోల్లు? గని నా నోట్లె ఏం పోతున్నదో నాకు చెప్పాలె గద" అని కిటికీలోంచి బయటికి చూసింది. నేను ఉపన్యాసంలో మిగిలిన సగం మింగేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన: నాలుగు రోజుల్లో, కాదు, ఇప్పుడు మూడు రోజుల్లో పెళ్ళి. ఆ పెళ్ళింట్లోకి ఆ అయిదు టమాటాలు వెళ్ళాయి. వాళ్ళ పంతులు ఏమంటాడో, మగపెళ్ళివాళ్ళకు తెలిస్తే ఏమవుతుందో. నాకు నమ్మకం లేకపోవచ్చు. నమ్మేవాళ్ళ పెళ్ళి ఆగితే, ఆగింది నిజంగానే ఆగుతుంది కదా. వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళు పట్టుకుందామన్నా, మైల మనిషిని, ఆ గడపకు పోకూడదు.

కంపెనీ ముందు అందరూ దిగిపోయారు. నేను దిగలేదు. డ్రైవరన్న బస్సును షెడ్డు పక్కన ఆపి, ఇంజన్ ఆపి, అద్దంలోంచి నన్ను చూశాడు.

"షిఫ్టుకు పోవా?"

"డ్రైవరన్నా, ఆ టమాటాలు..." అని మొదలుపెట్టాను. "అవి మా పెద్దబాపువి. మైల ఇంటివి. నీకు చెప్పలేదు. వండారా? ఇంట్లో చెప్పి పారబోయించు. తప్పయింది."

ఆయన లేచి వచ్చి నా ముందు సీట్లో కూర్చున్నాడు. "నాకెరుక లేదా బిడ్డా? పద్దెనిమిదేండ్ల సంది తింటున్న. గా నొక్కుల టమాట ఈ ఇలాకల ఇంకెవరింట్ల కాస్తది?"

"తెలిసే తీసుకున్నావా?"

"తెలిసే తీసుకున్న. ఇంటికి తీస్కపోలే. గంత తెలివి లేదనుకున్నవా? గీడనే తిన్న. అయిదుకు అయిదు." సీటు పక్కనున్న పెట్టె తెరిచి చూపించాడు. తుడిచే గుడ్డ, బీడీ కట్ట, కాగితంలో కట్టిన ఉప్పు పొట్లం. "నా ఎనుక సీట్లనే కూసునేది మీ పెద్దబాపు. ఎక్కంగనే నిద్ర. గురక. ఏం గురక అనుకున్నవ్, హైవే మీద లారీ హారన్ ఇనపడేది కాదు. తెల్లారగట్ల డ్యూటీల నాకు గా గురకతోనే నిద్ర పట్టకపోయేది. పద్దెనిమిదేండ్లు ఒక్క యాక్సిడెంట్ గాలేదంటే గది నా డ్రైవింగ్ కాదు." నవ్వబోయాడు. మధ్యలో వదిలేశాడు. "పోయిండని తెలిసిన పొద్దు మా ఇంట్ల పసుపు దంచుతున్నరు. లగ్గం పెట్టుకున్నంక చావుకు పోవద్దు గద. మా ఇంటామె తలుపుకడ్డం నిలవడ్డది. ఆఖరి సూపుకు గూడ పోలే. మీ స్టాపుల బస్సు ఆపుతున్న గని, గా ఇంటి దిక్కు సూసే ముఖం లేకపాయె. నిన్న నువ్వు టమాటలు చేతుల పెట్టంగనే, ఆయననే పిలిచి పెట్టినట్టనిపించింది. గందుకే తిన్న. కడుపుల ఉన్నదాన్ని ఎవరు సూస్తరు?"

నేనేమీ మాట్లాడలేకపోయాను. (మా ఇంట్లోవాళ్ళు ఈ వాక్యాన్ని నమ్మరు.)

"ఎవరికి చెప్పకు" అన్నాడు ఆయన లేస్తూ. "మా ఇంటామెకు తెలిస్తే పందిరి పీకిస్తది. ఇంకో మాట. నువ్వు చేసింది మంచిగ లేదు. నాకైతే ఎరుకుండె. వాల్లకు ఎరుక లేదు గద." నా సీటు మీది కవర్లోంచి ఒక టమాటా తీసి, గుడ్డతో తుడిచి, ఉప్పు పొట్లంతో పాటు నా చేతిలో పెట్టి దిగిపోయాడు.

ఆ ఖాళీ బస్సులో, కవర్ల మధ్య ఒక్కదాన్నే కూర్చున్నాను. ఫోను మోగుతూనే ఉంది. గ్రూపులో "డ్రైవరన్న బిడ్డకు ఏమన్నయితే ఎవరిది జిమ్మేదారీ?" అని మొదలై, మా పెంపకం దాకా వెళ్ళింది. నేను టైప్ చేయడం మొదలుపెట్టాను. మొత్తం రాశాను. ఆయనకు ముందే తెలుసనీ, తెలిసే తిన్నాడనీ, మీరందరూ తిరిగి తెచ్చి పడేసినదాన్ని ఆయన ఉప్పు అద్దుకుని తిన్నాడనీ, గురక సంగతి, పసుపు సంగతి, ఏదీ వదల్లేదు. నా జీవితంలో అంత బాగా ఎవరినీ తిట్టలేదు. పంపే గుర్తు మీద వేలు పెట్టాను. తర్వాత తీసేశాను. దాని బదులు ఇంకో మెసేజ్ పెట్టాను: "పేరు చెప్పకుండా ఇచ్చాను. తప్పు నాదే. సారీ." దానికి ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు. షిఫ్టుకి నలభై నిమిషాలు లేటని హెచ్చార్ కాగితం మాత్రం వచ్చింది.

సాయంత్రం పెద్దమ్మ ముందు కూర్చుని, పేరు చెప్పలేదని ఒప్పుకున్నాను. ఆమె దీపం వత్తి ఎగదోసింది. కిటికీ అవతల ఒకటి రాలింది. ఈసారి లెక్క పెట్టలేదు.

"ఎవరన్న తిన్నరా మరి?"

"ఒక్కరు తిన్నారు. ఎవరివో తెలిసే తిన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు పెద్దమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఉప్పు అద్దుకున్నడా?"

తలూపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "గా ఉప్పు పొట్లం మీ పెద్దబాపు పెట్టిందే. నేను ఇంట్ల ఉప్పు ఎట్ల తరుగుతున్నదో అని ఎన్నేండ్లు పరేషానైన" అంది. ఆ తర్వాత నిజంగానే ఏడ్చింది.

దినాలయ్యాయి. పక్కింటి అత్త మాట ప్రకారం గంప పట్టుకుని వచ్చింది. అప్పటికి చెట్ల మీద పచ్చికాయలూ, నేల మీద ఎర్రటి బురదా మిగిలాయి. పచ్చివే ఏరుకుని వెళ్ళింది, పేరు పెట్టి మరీ పెద్దబాపును తలుచుకుంటూ. పెళ్ళి బాగానే జరిగింది. ఆ అమ్మాయికి ఇప్పుడొక పాప, ఆరోగ్యంగా ఉందట. పెళ్ళయిన మర్నాడు డ్రైవరన్న మా స్టాపులో బస్సు దిగి, ఇంట్లోకి వచ్చి, ఫొటో ముందు అయిదు నిమిషాలు నిలబడి వెళ్ళాడు. బస్సులో అందరూ హారన్ కొట్టమని గోల చేశారు, కొట్టడానికి డ్రైవర్ లేడు.

నేను ఆ కంపెనీ మానేసి రెండేళ్ళయింది. గ్రూపు మాత్రం వదల్లేదు. ఆ పంపని మెసేజ్ పెట్టెలో అలాగే ఉంది, ఫోన్ మార్చినప్పుడల్లా దాన్ని కాపీ చేసి పెట్టుకుంటూ వస్తున్నాను. అప్పుడప్పుడు తెరిచి చదువుతాను. కోపంగా, గొప్పగా రాసింది ఆ పిల్ల. అక్షరాలు మాత్రం సగం తప్పులే. (ఒక చేత్తో ఉప్పంటిన టమాటా తింటూ, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ టైప్ చేస్తే, అంతకంటే సరిగా ఎలా వస్తాయి?)